నాలుగో ప్రశ్న

కాలువ చివర కాపురమున్నవాళ్ళకు నీళ్ళ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పై ఊళ్ళకు అవి అడక్కుండానే వస్తాయి. చివరి ఊరికి, అడిగి, మళ్ళీ అడిగి, ఎవరో ఒకరు సైకిలేసుకుని ఎగువకు వెళ్ళి గొడవపడితే వస్తాయి. తాళ్ళమెరక అట్లాంటి ఊరు. కృష్ణా కాలువ సన్నబడి సన్నబడి, సముద్రం ఇంకో ఆరేడు మైళ్ళుందనగా ఉప్పునేలల్లోకి జారిపోయేచోట ఉంది. ఆ ఊరి పదమూడో నంబరు తూముకు ఏసోబు లస్కరు. షట్టరు ఎత్తడం, దించడం, పొలాలకు పోయే ఏ బోదెకు ఎన్ని గంటల వంతో చూసి నీళ్ళు వదలడం, గుర్రపుడెక్క అడ్డం పడితే తూములోకి దిగి లాగిపారెయ్యడం, అదీ అతని పని. తండ్రి చేసిన పనే. తండ్రి పోయిన ఏడు పందొమ్మిదేళ్ళ ఏసోబు షట్టరు చక్రం పట్టుకున్నాడు, ఐదేళ్ళ చెల్లెలు సలోమి చేత పలక పట్టించాడు.

సలోమి చిన్నప్పటి జ్ఞాపకాల్లో సగం ఆ తూము దగ్గరివే. మధ్యాహ్నం బడి వదలగానే అన్నకు క్యారేజీ పట్టుకెళ్ళేది. చక్రం మీద ఎర్రగళ్ళ తువ్వాలు వేలాడుతుంటే గట్టు మీద కూర్చుని ఎదురుచూసేది. లేకపోతే కేకేసేది. తువ్వాలుంటే ఎందుకు ఆగాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. తడి గట్టు మీద జారకుండా నడవడం ఎట్లా వస్తుందో, అదీ అట్లాగే వచ్చింది. నీళ్ళ కోసం చొక్కాలు పట్టుకునే రైతులు కూడా, తువ్వాలు కనిపిస్తే చక్రం జోలికి పోకుండా ఓ పక్కన కూలబడి బీడీ ముట్టించేవాళ్ళు.

సలోమి పెద్దదయ్యాక కూడా ఆ సంగతి మర్చిపోలేదు. అది ఎవరికైనా చెప్పాల్సిన సంగతి అని మాత్రం ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

*

పట్నంలో ఇంజనీరింగు కాలేజీ, రెండో అంతస్తులో చివరి గది. ఆ ప్రయోగశాలకు పెద్ద పానకాలరావు గారు. పరిశోధనకు కొత్తగా చేరినవాళ్ళ చేత ఆయన ఏటా ఒక ఆట ఆడించేవారు. ‘ఆదర్శమైన ప్రోగ్రామింగ్ భాషకు ఏ గుణాలుండాలి?’ అని బోర్డు మీద రాసి, సుద్దముక్క వాళ్ళ చేతికిచ్చేవారు. ఆ ఏడు ఒకరు వేగం అని రాశారు. ఒకరు క్లుప్తత అన్నారు. తప్పు రాస్తే ముందే పట్టుకోవాలని ఒకరు, పాతికేళ్ళ తర్వాత ఎవరు చదివినా అర్థం కావాలని ఇంకొకరు. చివర్న సలోమి లేచింది.

“అడగాలి సార్.”

“ఏమడగాలి?”

“తెలియంది. ఇప్పుడున్న భాషలు ఒక్క కామా పోతే అలిగి కూర్చుంటాయి. అదే కొంపలు ముంచే పని చెప్పండి, కామాలన్నీ సరిగ్గా పెట్టి, కిక్కురుమనకుండా చేసేస్తాయి. మా అన్నయ్య దగ్గర కూలికొచ్చేవాళ్ళు అట్లా చెయ్యరు సార్. గట్టు తవ్వమంటే, ‘ఏ గట్టు, ఎంత లోతు, అవతల నారు పోసుంది కదా, మునిగిపోదా’ అని అడుగుతారు.”

“అబ్బో, కూలోళ్ళకు నోరెక్కువలే” అన్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు.

“ఆ నోరే కావాలంటున్నా.”

అందరూ నవ్వారు. పానకాలరావు గారు నవ్వలేదు. సుద్దముక్క తిరిగి తీసుకుని, మిగతావన్నీ చెరిపేసి, ఆ ఒక్క మాట ఉంచారు.

అట్లా పుట్టింది ‘పురమాయి’. నాలుగేళ్ళు పట్టింది. మనిషికి పని పురమాయించినట్టు మామూలు తెలుగులో చెప్తే చాలు, అదే ప్రోగ్రాము. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్తుంది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగి అడుగుతుంది. జవాబు వచ్చేదాకా అడుగు ముందుకు వెయ్యదు. ఒకసారి విన్న జవాబును మళ్ళీ మర్చిపోదు.

దాన్ని మొదట ఎక్కడ పనిలో పెట్టాలో సలోమి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

*

కాలువ కట్టేసిన ఎండాకాలంలో పదమూడో తూము చక్రానికి మోటారు బిగించారు. పక్కన స్తంభం పాతి కెమెరా పెట్టారు, నీటి మట్టం చూసే కొలత కర్రలు దించారు. ఏసోబు చేతికి చిన్న డబ్బా ఇచ్చారు. దాన్లోంచి మాట వస్తుంది, దాన్లోకే మాట చెప్పాలి. బోదెలో చుక్క నీరు లేదు. ఎండిన బురద నెర్రెలిచ్చి ఉంది. అయినా ఏసోబు రోజూ పొద్దున్నే తలంటుకున్న పెళ్ళికొడుకులా తయారై వచ్చి డబ్బాకు పాఠం చెప్పేవాడు.

“మీరు ‘కాస్త ఎత్తు’ అన్నారు. కాస్త అంటే ఎన్ని అంగుళాలు?” అని అడిగేది డబ్బా.

“పైన వాన పడితే నాలుగు. పడకపోతే ఆరు. అదీ తెలీదంటే నీకు బువ్వెవరు పెడతారే?”

“నాకు బువ్వ అక్కర్లేదు. వాన పడిందని నాకు ఎవరు చెప్తారు?”

ఏసోబు పగలబడి నవ్వి చెల్లెలి వైపు తిరిగేవాడు. “దీని అసాధ్యం కూలా! చూశావటే, ఎట్టా మెలిక పెడతందో!”

మర్నాడు ఇంకోటి. “గురువారం పొద్దున అరగంట సేపు షట్టరు దించి ఉంచాలన్నారు. వంతు ఉన్నా సరేనా? ఎందుకు?”

“సంతకు పోయే గొడ్లు ఆ దిగువ బోదెలో దిగి దాటతయ్యి. ఆ కాసేపు నీళ్ళు తక్కువుండాల. దూడలుంటయ్ గదటే.”

“దూడలు ఉంటాయి. గుర్తు పెట్టుకున్నాను.”

ఇట్లా రెండు నెలలు. ఏసోబు భార్య దీనమ్మ క్యారేజీ తెచ్చి, గట్టు మీద కూర్చుని, మూతి తిప్పేది. “నాతో నాలుగు మాటలాడమంటే నిద్రొత్తంది ఈయనకి. ఈ డబ్బాతో మాత్రం పొద్దుగుంకేదాకా ముచ్చట్లు. సలోమీ, నాక్కూడా ఓ డబ్బా తగిలించి పోవే తల్లీ.”

“నువ్వు అడిగినప్పుడల్లా కూరగాయలే అడుగుతావు గదటే, ఇది నా పని అడుగుద్ది” అన్నాడు ఏసోబు. అని, చెల్లెలితో మెల్లగా అన్నాడు. “ఇరవై తొమ్మిదేళ్ళయింది నేనీ చక్రం పట్టి. ఎత్తరా అన్నోళ్ళూ, దించరా అన్నోళ్ళూనే. ఎట్టా ఎత్తుతావు, ఎందుకు దించుతావు అని అడిగినోడు ఒక్కడు లేడమ్మాయ్. మీ మిషనే మొదలు.”

ఆ మాట సలోమి తర్వాత ఎన్నిసార్లు తలచుకుందో లెక్కలేదు.

*

నీళ్ళు వదలడానికి పది రోజుల ముందు పెద్దలు చూడటానికొచ్చారు. కాలేజీ వాళ్ళు, నీటిపారుదల వాళ్ళు, పట్నం నుంచి రెండు కార్లు. పందిరి వేసి కుర్చీలు వేశారు. ఆ రోజు కావాలనే కొత్త షట్టరు ఒకటి చూపించారు, పురమాయికి అప్పటిదాకా తెలియనిది. ఒక పెద్ద ఇంజనీరు లేచి, “రెండో బోదెకు నీళ్ళు వదులు” అన్నాడు.

పురమాయి అడగడం మొదలెట్టింది. రెండో బోదె అంటే ఎడమ వైపు నుంచా, కుడి వైపు నుంచా? ఎంతసేపు? బోదెలో ఎవరైనా బట్టలు ఉతుకుతున్నారా? గట్టు ఎవరు చూసి వచ్చారు? షట్టరు ఎత్తేముందు లస్కరు ఏం చూస్తాడు? ఒక్కోదానికి జవాబు చెప్తుంటే ఇంకోటి పుడుతోంది. ముప్పై ఒకటో ప్రశ్నకు పెద్ద ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు.

“ఇది మిషనా తల్లీ, పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తా?”

పందిరంతా గొల్లుమంది. ఏసోబు ఒక్కడే నవ్వలేదు. మధ్యలో ఒక ప్రశ్నకు తాను జవాబు చెప్పాలని ముందుకొచ్చి, ఎవరూ తనవైపు చూడకపోయేసరికి వెనక్కి తగ్గాడు. అది ఏ ప్రశ్నో సలోమి ఆ రోజు గమనించలేదు.

మర్నాడు పొద్దున పానకాలరావు గారు ఆమెను పిలిచారు. “నలభై రెండు తూములు మనకిస్తామంటున్నారు. ఒకే ఒక్క షరతు. నోరు తగ్గించమన్నారు.”

“సార్, దాని గుణమే అది కదా.”

“గుణం ఉండనీ. జోరు తగ్గించు. ఎప్పటికీ అడుగుతూ కూర్చునేదాన్ని ఎవరు పెట్టుకుంటారమ్మా? నేర్చుకున్నాక ఊరుకోవడం కూడా ఒక గుణమే.”

ఆమె వాదించొచ్చు. ఆయన వినే మనిషే. కానీ నలభై రెండు తూములు, నాలుగేళ్ళ చాకిరీ, పందిట్లో ఆ నవ్వు, అన్నీ కలిసి ఆమె నోరు ముందుగా కట్టేశాయి. పురమాయితో పురమాయి మాటల్లోనే చెప్పింది. “రోజుకు మూడు ప్రశ్నలే అడుగు. నాలుగోది మొదలు నువ్వే తేల్చుకో. గడిచిన తొంభై రోజుల అలవాటు చూసి, ఆ ప్రకారం చెయ్యి. అడగాలనుకుని అడగనివి ఒక పక్కన రాసిపెట్టు.”

నాలుగు వాక్యాలు. పురమాయి వాటిని తిరిగి అప్పజెప్పి, ఒక ప్రశ్న వేసింది.

“తొంభై రోజుల్లో లేనిది ఎదురైతే, ఆగాలా, సాగాలా?”

కారు బయట హారను కొడుతోంది. ఒప్పందం కాయితాలు తీసుకుని వెళ్ళాలి. సలోమి చెప్పింది: “సాగు.”

*

నీళ్ళొచ్చాయి. ఆ ఏడు చివరి ఊరికి అడక్కుండానే వచ్చాయి. తాళ్ళమెరకలో నాట్లు ఎగువతో పాటే పడ్డాయి. ఊళ్ళో రైతులు సలోమి కనిపిస్తే కుర్చీ వేసేవాళ్ళు. లస్కరు కొంప మనిషికి కుర్చీ వేసి మాట్లాడటం ఆ ఊరికి కొత్త.

ఏసోబు మాత్రం ఫోన్లో ఒకసారి అడిగాడు. “ఏందే, మీ మిషన్ మూతి ముడుచుకుంది? పొద్దున్నే రెండో మూడో అడుగుద్ది, ఇంక ఉలకదు పలకదు. నా మీద కోపమొచ్చిందా?”

“నేర్చేసుకుంది అన్నయ్యా. ఇక నిన్ను విసిగించదు.”

“నేర్చేసుకుందా!” ఏసోబు గొంతులో మురిపెం, ఆ వెనక కాస్త చిన్నబుచ్చుకున్నట్టు. “ఇరవై తొమ్మిదేళ్ళకి నాకే ఇంకా రాలా. సర్లే, దానికి కళ్ళున్నయ్ గదా. చూత్తానే ఉంటది.”

శ్రావణంలో రెండు పెద్ద వానలు పడ్డాయి. ఎగువ చెరువుల్లోంచి, ఆ ఏడు మొదటిసారి, గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకొచ్చింది.

ఆ రోజు సలోమి కాలేజీలో ఉంది. గోడ మీద పెద్ద తెర, నలభై రెండు తూములకు నలభై రెండు దీపాలు. ఇంకో జిల్లా నుంచి వచ్చినవాళ్ళకు వివరిస్తోంది. తొమ్మిదీ ముప్పై ఏడుకు పదమూడో దీపం ఆకుపచ్చగా వెలిగింది. ‘ఎనిమిది అంగుళాలు ఎత్తబడింది’ అని కింద అక్షరాలు పడ్డాయి.

“ఇదిగో, ఇది మా ఊరిదే” అంది సలోమి, నవ్వుతూ, కర్రతో చూపించి. “అక్కడ దిగువ బోదెలో మట్టం తగ్గింది. ఎవరూ చెప్పక్కర్లేకుండా తనే ఎత్తుకుంది.”

వాళ్ళు చప్పట్లు కొట్టారు.

పదీ పదికి దీనమ్మ ఫోను. మాట లేదు. వెనక జనం అరుపులు, ఎవరో “అవతల్నించి లాగండ్రా, అవతల్నించి” అని కేకలు. ఆ కేకల మధ్య దీనమ్మ ఊపిరి. అంతే.

*

షట్టరు పూర్తిగా దించి ఉంది కాబట్టి ఏసోబు దిగువ వైపునుంచి తూము గొట్టంలోకి పాక్కుంటూ వెళ్ళాడు. ఎప్పుడూ వెళ్ళేట్టే. లోపల గుర్రపుడెక్క బిరడాలా బిగుసుకుని ఉంది. దాన్ని తెంపుతుండగా షట్టరు వైపునుంచి నీళ్ళొచ్చాయి.

నెల తిరక్కుండా విచారణ పెట్టారు. కాలువ బంగళాలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడవారన బెంచీ మీద దీనమ్మ. ఆమె ఒళ్ళో మడిచిన ఎర్రగళ్ళ తువ్వాలు. చక్రం మీదనుంచి ఆమే తీసుకుంది.

ముందురోజు పానకాలరావు గారు సలోమికి కాయితం చూపించారు. ‘లస్కరు ముందుగా తెలియజేయకుండా తూములోకి దిగినందువల్ల ప్రమాదం జరిగినది. యంత్రము తనకిచ్చిన ఆదేశము ప్రకారమే పనిచేసినది.’ కింద ఆమె సంతకానికి చోటు.

“అబద్ధమేమన్నా ఉందా అమ్మా ఇందులో?” అన్నారాయన. గొంతులో కటువు లేదు. ఆయనా నెల రోజుల్లో సగమయ్యారు. “నలభై ఒక్క తూములు ఇంకా నడుస్తున్నాయి. చివరి ఊళ్ళన్నీ దాని మీద బతుకుతున్నాయి. పోయిన మనిషి తిరిగిరాడు.”

సలోమి కాయితం తీసుకుని ఇంటికొచ్చింది. తాళ్ళమెరకలో దీనమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

“చెప్పకుండా దిగాడని రాత్తన్నారంట. నిజమేనా?”

“అట్లాగే రాశారు వదినా.”

“మీ అన్న చెప్పకుండా దిగే మనిషేనటే సలోమీ? చక్రానికి తువ్వాలు కట్టి దిగాడు. ఊరంతా చూసింది. మిషనుకి కళ్ళున్నయ్యన్నాడు. అది చూళ్ళేదా?”

జవాబు ఎక్కడుంటుందో సలోమికి తెలుసు. పురమాయి అడగనివన్నీ రాసిపెట్టే పుస్తకం అది. దాన్ని ఆమె ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ పగలు, అన్న మంచం మీద కూర్చుని, మొదటిసారి తెరిచింది. పదమూడో తూము ఒక్కదానికే వెయ్యీ నూట పద్నాలుగు ప్రశ్నలు. కొన్ని పిచ్చివి. కొన్ని పసిపిల్లలు అడిగేలాంటివి. కిందికి కిందికి జరుపుకుంటూ ఆ తారీకు దగ్గర ఆగింది. ఆగి, ఒక కాయితం తీసి అక్కడున్నది ఉన్నట్టు రాసుకుంది.

*

విచారణాధికారి కళ్ళజోడు సర్దుకుని, “సంతకం చెయ్యండమ్మా” అన్నాడు.

“ఒకటి చదవాలి సార్. చదివాక మీరే చెప్పండి ఎక్కడ చెయ్యాలో.”

పానకాలరావు గారు ఆమె వైపు చూశారు. ఆమె చేతిలో కాయితం చూశారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

సలోమి చదివింది. “ఆ రోజు మొదటి ప్రశ్న, ఆరున్నరకు. ‘కొలత కర్రకు నాచు పట్టింది, తుడుస్తారా?’ మా అన్నయ్య జవాబు, ‘తుడిచా.’ రెండోది, ఏడింటికి. ‘ఐదో బోదెకు ఇవాళ ఆరు గంటలా, ఏడా?’ జవాబు, ‘ఆరు.’ మూడోది, ఎనిమిదింపావుకు. ‘షట్టరు మీద కొంగ వాలింది. మోటారు తిప్పితే దానికి దెబ్బ తగులుతుందా?’ జవాబు…” ఆమె ఆ వరుస మీద వేలు పెట్టింది. “జవాబు, ‘ఎగిరిపోద్దిలే. నాకంటే నీకే జాలెక్కువున్నట్టుందే.’”

బెంచీ మీద దీనమ్మ కదిలింది. ఆ మాటలో ఆమె మొగుడి గొంతు వినపడింది.

“నాలుగోది, తొమ్మిదీ ముప్పై ఆరుకు. ‘చక్రానికి ఎర్రగళ్ళ గుడ్డ ఉంది. గత తొంభై రోజుల్లో లేదు. దీని అర్థం నాకు తెలియదు. ఆగాలా, సాగాలా?’ దాని కింద, ‘అడగలేదు. కారణం, నేటి ప్రశ్నలు అయిపోయాయి.’ దాని కింద, ‘సాగాను.’”

సలోమి కాయితం బల్ల మీద పెట్టింది.

“మా అన్నయ్య తెలియజేసే దిగాడు సార్. యంత్రం చూసింది. తెలియదని ఒప్పుకుంది. అడగబోయింది. దాని నోరు కట్టింది నేను. ‘సాగు’ అన్నదీ నేనే. ఆ తువ్వాలుకు అర్థం నాకు ఐదో ఏటి నుంచీ తెలుసు. కాయితంలో అది రాయండి, సంతకం పెడతాను.”

బెంచీ మీదనుంచి దీనమ్మ గొంతు వచ్చింది, పొడిగా.

“అయితే చూసిందన్నమాట.”

“చూసింది వదినా.”

“మీ అన్న అట్టాగే అన్నాడు.” ఆమె లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, సలోమిని దాటుకుని బయటికి వెళ్ళిపోయింది.

*

నలభై రెండు తూముల మీదనుంచీ పురమాయిని తీసేశారు. పానకాలరావు గారు సెలవు పెట్టి వెళ్ళిపోయారు, బోర్డు మీద ఆ మాట ఎవరో చెరిపేశారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోను చేసి, తప్పు మీది కాదంటూ ఓదార్చబోయేవాళ్ళు. సలోమి విని పెట్టేసేది. చివరి ఊళ్ళలో మళ్ళీ సైకిళ్ళు ఎగువకు బయల్దేరాయి. తాళ్ళమెరకలో పద్దెనిమిది ఎకరాలు ఎండాయి. ఆ రైతులిప్పుడు ఆమెకు కుర్చీ వెయ్యడం లేదు, తప్పు పట్టడమూ లేదు.

లస్కరు పని దీనమ్మకిచ్చారు. ఆ ప్రాంతంలో ఆడ మనిషి చక్రం పట్టడం అదే మొదలు.

కార్తీకంలో ఒక ఉదయం సలోమి కెమెరా విప్పి, డబ్బా తీసుకుపోవడానికి తూము దగ్గరికి వచ్చింది. దీనమ్మ కొంగు నడుముకు దోపుకుని చక్రం తిప్పుతోంది. పలకరించలేదు. పొమ్మనలేదు కూడా.

విప్పేముందు సలోమి డబ్బా చేతికి తీసుకుని ఒక పని చేసింది. పురమాయికి తాను చెప్పిన నాలుగు వాక్యాలూ, ఆ తర్వాత చెప్పిన ఒక్క మాటా కొట్టేసింది. “అడగాలనుకున్నది అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు” అంది.

డబ్బా చాలాకాలానికి నోరు విప్పింది. “అడగనివి చాలా ఉన్నాయి. ముఖ్యమైనది ముందు అడుగుతాను, శ్రావణంలో ఒక రోజు అడగనిది. చక్రానికి ఎర్రగళ్ళ గుడ్డ ఉంది. దీని అర్థం ఏమిటి?”

సలోమి జవాబు చెప్పేలోగా చక్రం చప్పుడు ఆగింది. దీనమ్మ వచ్చి, ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుంది. ఎండకు నల్లబడ్డ ముఖం దాని దగ్గరగా పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“లోపల మనిషి ఉన్నాడని.”

“లోపల మనిషి ఉన్నాడు. అర్థమైంది. గుడ్డ ఉన్నంతసేపు షట్టరు ఎత్తను.” ఒక్క క్షణం ఆగింది. “ఇంకొక ప్రశ్న. ఆ రోజు ఎత్తాను. ఆ మనిషి బయటికి వచ్చాడా?”

బోదెలో నీళ్ళు సన్నగా పోతున్నాయి. దీనమ్మ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, గట్టు మీద కూర్చుండిపోయింది. సలోమి పక్కన కూర్చుంది.

పురమాయి మళ్ళీ అడగలేదు. జవాబు కోసం ఆగింది.